ఆరు చప్పుళ్ల తలుపు

ఆ రెండో శనివారం పొద్దున మెదక్‌లోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: తాత నర్సింగం, నాయనమ్మ శివమ్మ, వాళ్ల కొడుకు స్వామి, కోడలు యశోద, మనుమరాలు కావ్య. స్వామి ఎనిమిదిన్నరకే దుకాణానికి పోయాడు కాబట్టి ఆయనను సగం లెక్కలో వేసుకోవచ్చు. వీళ్లు కాక ఒక తలుపు కూడా ఉంది. తలుపును మనుషుల జాబితాలో చేర్చకూడదు గానీ, ఆ ఇంట్లో దాని గురించి జరిగినంత మాట ఏ మనిషి గురించీ జరగలేదు.

నర్సింగం హైదరాబాదులో రేడియో నాటకాలకు చప్పుళ్లు చేసే పని చేసి రిటైరయ్యాడు. గుర్రం పరుగెత్తాలన్నా, వాన పడాలన్నా, రాజుగారి కిరీటం జారి కింద పడాలన్నా ఆయన చేతులే చేయాలి. చాటలో కందులు దొర్లిస్తే వాన. ఇత్తడి గిన్నె మీది మూత జారవిడిస్తే కిరీటం. తలుపు చప్పుడుకు మాత్రం నిజంగానే ఒక తలుపు ఉండేది. స్టూడియోలో ఏ గదికీ చెందకుండా, చట్రంతో సహా ఒక మూల నిలబడి ఉండేది. దాని పని చప్పుడు చేయడమే.

దానికి ఆరు చప్పుళ్లు. లోపలి వైపు చెక్క గడియ, ఇత్తడి గడియ, గొలుసు. బయటి వైపు ఇనుప గడియ, తట్టే కడియం, చిన్న గంట. చెక్క గడియ తీస్తే పేదవాళ్ల ఇల్లు. ఇత్తడి గడియ తీస్తే దొరవారి గడీ. గొలుసు తీస్తే అనుమానం మనిషి ఇల్లు. ఇనుప గడియ పడితే జైలు. కడియం తడితే అంతఃపురం, గంట కొడితే డాక్టరు. వేరే చప్పుడు కలవకుండా దాని అంచుల చుట్టూ మందమైన గుడ్డ పట్టీ కొట్టారు. నర్సింగం రిటైరయ్యే ఏడాది స్టూడియోలో పాత సామాను వేలం వేస్తే, ఆ తలుపును ఆయనే పాడుకుని మెదక్ తెచ్చుకున్నాడు. పెన్షన్ కాగితాల కంటే ముందు తలుపు ఇంటికి చేరింది.

దాన్ని సామాన్లు దాచుకునే చిన్న గదికి, సామాన్ల అర్రకు పెట్టించాడు. తలుపు పొట్టిది. ఆ ఇంట్లో నుదురు బొప్పి కట్టని మనిషి లేడు. శివమ్మ మాత్రం బొప్పికి బాధపడలేదు. ఆమెకు ఆ తలుపుతో పాత పగ ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ల కింద, స్వామి ఏడో నెల కడుపులో ఉన్నప్పుడు, ఒకరోజు ఆమె భర్తకు సద్ది తీసుకుని స్టూడియోకు పోయింది. అక్కడ 'అడ్రసు లేని ఏడాది' అనే నాటకం రికార్డవుతోంది. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, పన్నెండేళ్లు అడవిలో, ఒక ఏడాది ఎవరికీ తెలియకుండా దాక్కుని బతికిన అన్నదమ్ముల కథ అందరికీ తెలిసిందే. ఆ పెద్ద కావ్యాన్ని పట్టుకుని ఎవరో కొంటె రచయిత, వాళ్లు తిరిగొచ్చి తమ భూమి కోసం ఆఫీసుకు పోతే ఏమవుతుందో రాశాడు. దాక్కున్న ఏడాదికి నివాస ధ్రువపత్రం తెమ్మంటాడు గుమాస్తా. చివర్లో ఆ అన్నదమ్ముల ఇల్లాలు వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతుంది. గుమాస్తా ఆమె మొహం మీద తలుపు వేస్తాడు. నాటకం అయిపోతుంది.

ఆ ఒక్క మాట చెప్పవలసిన నటికి ఆ రోజు గొంతు పోయింది. "ఈమెతో చెప్పిద్దాం" అన్నాడు నాటకం చేయించే అయ్యగారు, సద్దిగిన్నె పట్టుకుని నిలబడిన శివమ్మను చూసి. ఆమె చెప్పింది. "మేం లేని పదమూడేండ్లు మా భూమి పంట తిన్నోళ్లని ఒక్క కాయిదమన్న అడిగినవా, అయ్యా?" అప్పుడు తలుపు వేసింది నర్సింగం. అదీ తగవు. చివరి 'అయ్యా' పూర్తిగా నోట్లోంచి రాకముందే తలుపు వేసి తన మాట మింగాడని శివమ్మ. మాట పూర్తయ్యాకే వేశానని నర్సింగం.

ఎవరిది నిజమో తేలలేదు. నాటకం రేడియోలో వచ్చిన సాయంత్రం శివమ్మ మెదక్ దవాఖానలో స్వామిని కంటోంది. నర్సింగం బస్సులో ఉన్నాడు. ఇద్దరూ వినలేదు. అప్పటి నుంచి ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, మాట చివరికి అక్కడికే వచ్చేది.

ఈ తగవు వింటూ పెరిగిన కావ్య ఒకరోజు ఎవరికీ చెప్పకుండా రేడియోకు పోస్టుకార్డు రాసింది. పదో తరగతి పిల్ల. నలుగురిలో నోరు విప్పదు గానీ కాగితం మీద ధైర్యంగానే ఉంటుంది. నెల తర్వాత 'శ్రీ కావ్య గారికి' అని జవాబు వచ్చింది. నాటకం దొరికిందట. శ్రోతల కోరిక మీద రెండో శనివారం పదిన్నరకు వేస్తారట.

ఉత్తరం చదివిన సాయంత్రమే పందెం పడింది.

"నేను నీ మాట మింగినట్టు తేలితే ఆ తలుపు ఊడదీపిస్త" అన్నాడు నర్సింగం.

"నువ్వు మింగలేదని తేలితే బతికినన్నాళ్లు ఆ మాటెత్తను" అంది శివమ్మ.

తీర్పు చెప్పడానికి పక్కింటి అఖ్తరున్నీసాను పిలిచారు. ఆమె బట్టలు కుడుతుంది. సూది మొనంత తేడా కూడా పట్టగలదని ఇద్దరికీ నమ్మకం.

శనివారం పొద్దుటి ప్లాను చాలా చిన్నది. పదింటికి టీ తాగాలి, పదిన్నరకు రేడియో వినాలి. నర్సింగం పాత ట్రాన్సిస్టరు తుడిచి, కొత్త సెల్లులు వేశాడు. అది ముందర గదిలో గరగరమంది. వంటింట్లో గుయ్‌మంది. సామాన్ల అర్రలో కిటికీ ఊచకు తీగ కట్టి, గట్టు మీద పెడితే మాత్రం పక్కన కూర్చుని మాట్లాడినట్టు పలికింది. కాబట్టి వినడం అర్రలోనే అని తేలింది. యశోద బియ్యం బస్తాలు జరిపి, తొక్కు పచ్చడి జాడీలు మూలకు నెట్టి, నాలుగు పీటలు వేసింది. కావ్య ఫోన్‌లో రికార్డు చేయాలి.

పదింటికి వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. వడ్రంగి పని చేసే వడ్ల గాలయ్య దిగాడు. వెంట కొత్త ఫైబర్ తలుపు దింపాడు.

"అవ్వా, తలుపు తెచ్చిన. పాతది ఇప్పుడే ఊడదీయాల్నా, డ్రామా అయినంకనా?"

నర్సింగం టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏందే ఇది? ఫైసలా కాకముందే ఉరితాడు తెప్పించినవా?"

"గాలయ్యకు పదకొండున్నరకు కుల్చారంల పనుందట" అంది శివమ్మ, ఆయన వైపు చూడకుండా. "తర్వాత దొరకడని జర ముందుగాల రమ్మన్న."

"అంటే నేను ఓడిపోయిన్నని నువ్వే రాసుకున్నవ్!"

"రాసుకునుడెందుకు? నా చెవులతోటి విన్న గద."

"అఖ్తరమ్మా, నువ్వు రా" అన్నాడు నర్సింగం, అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్న అఖ్తరున్నీసాతో. "ఆ రోజు ఎట్ల ఏసిన్నో చూపిస్త. ఆ తలుపు తొందరగ ఏద్దమన్నా పడదు. బరువు. రా, లోపలికొచ్చి చూడు."

"చూస్త గని అన్నా, ముందుగాల టీ..."

"టీ యాడికి పోదు!"

ఆమె తల వంచి అర్రలోకి పోయింది. యశోద అప్పటికే లోపల పీటలు సర్దుతోంది. వెనకే లోపలికి పోయిన నర్సింగం తలుపు అంచు రెండు చేతులా పట్టుకుని, "గిట్ల కాలు ఎనుకకు పెట్టి, గిట్ల ఊపిరి పట్టి..." అంటూ నెట్టాడు. ధనామని పడింది తలుపు. ఆ అదురుకు బయటి ఇనుప గడియ దానంతట అది లేచి, కొక్కెంలో పడింది. పాత నాటకాల్లో దొంగలను జైల్లో వేసినప్పుడు వచ్చే చప్పుడు అది.

"శివమ్మా, గడియ తియ్" అన్న మాట లోపలి నుంచి, బావిలో నుంచి వచ్చినట్టు వినపడింది.

శివమ్మ గడియ మీద చెయ్యి వేసింది. వేసి, ఏదో తోచినట్టు తీసేసింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఇలాంటి అవకాశం ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు.

"తీస్త. ముందు ఒప్పుకో."

"ఏం ఒప్పుకోవాలె?"

"నా మాట మింగినవని."

"సచ్చినా ఒప్పుకోను!"

"అయితే ఆడనే ఉండు."

"నీకే గడియ పెట్టుడు వస్తదా? నాకు రాదా? నేనూ పెడ్త!" అని నర్సింగం లోపలి మూడు గడియలూ వరసగా పెట్టాడు. చెక్కది, ఇత్తడిది, గొలుసు. పేద ఇల్లు, దొర గడీ, అనుమానం మనిషి ఇల్లు ఒక్కసారే మూతపడ్డాయి. బయట గడియ పడ్డ తలుపుకు లోపల కూడా గడియలు పెట్టుకున్న మనిషి జిల్లాలో ఇంకొకరు ఉండరు.

"అన్నా, నన్నెందుకు పెడ్తున్నవ్ లోపల?" అన్న అఖ్తరున్నీసా మాట గుడ్డ పట్టీలో ఇంకిపోయింది.

పది ఇరవై అయింది. శివమ్మ గోడ గడియారం చూసింది, తలుపు చూసింది. పంతం పంతమే గానీ రేడియో లోపల ఉంది. ఆమె నిట్టూర్చి ఇనుప గడియ ఎత్తింది.

"తీసిన. నీవి తియ్యి. నేనూ లోపలికొస్త."

లోపల గొలుసు జారింది. చెక్క గడియ కదిలింది. తర్వాత మూలుగు వినపడింది. ఇత్తడి గడియ రాలేదు. నాలుగు రోజుల నుంచి ముసురు పట్టి కట్టె ఉబ్బి ఉంది. గాలయ్య సాయం చేద్దామని బయటి నుంచి భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. దాంతో గడియ ఇంకా బిగిసింది.

"గుద్దకురా! దొర గడీ గడియ అది, బలవంతం జేస్తె రాదు!" అని అరిచాడు నర్సింగం.

గాలయ్య వెనక్కి తగ్గాడు. ఊడదీద్దామని తలుపు తిరిగే బందులు చూశాడు. అవి లోపలి వైపు ఉన్నాయి. ఇక తన వంతు పని ఒక్కటే మిగిలిందనుకుని ఫోన్ తీసి స్వామికి చేశాడు. గాలయ్య చెప్పినవన్నీ నిజాలే.

"స్వామన్నా, మీ అమ్మ మీ నాయనను అర్రల ఏసి గడియ పెట్టింది. ఇప్పుడు తీద్దమంటె వస్తలేదు. మీ ఇంటామె గూడ లోపలనే ఉంది. అఖ్తరమ్మ గూడ."

"గాలి ఆడుతుందా లోపల?"

"తలుపుకు చీమ దూరే సందు గూడ లేదన్నా."

అదీ నిజమే. స్వామికి బస్టాండు దగ్గర ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే దుకాణం. దేనికి ఏ నంబరు కొట్టాలో ఆయనకు కంఠతా వచ్చు. ఫైరింజనుకు కొట్టాడు.

ఇక్కడ పదిన్నర అయింది. "మొదలైంది!" అన్న కేక లోపలి నుంచి వచ్చింది. "మస్తు సాఫ్‌గ వస్తుంది!"

శివమ్మ తలుపుకు చెవి ఆనించింది. ఏమీ లేదు. కొంగు మడిచి పెట్టి మళ్లీ ఆనించింది. ఎక్కడో దూరాన తేనెటీగలు తిరిగినట్టు ఒక మూలుగు. అనుకోని చప్పుడు బయటికి పోకుండా చేసిన తలుపు అది. పని బాగానే చేస్తోంది.

ఆమె అక్కడే కింద కూర్చుంది. అప్పుడు పురిటినొప్పులు. ఇప్పుడు తలుపు. తన గొంతు ఎట్లా ఉంటుందో ఊళ్లో అందరూ విని ఉంటారు, తనొక్కతే వినలేదు. పందెం సంగతి ఆమె మరిచిపోయింది.

"నానమ్మా, కిటికీ ఉంది కదా" అంది కావ్య.

ఎవరూ వినలేదు. గాలయ్య బందుల గురించి ఏదో చెబుతున్నాడు.

"నానమ్మా, కిటికీ."

కావ్య మాట ఆ ఇంట్లో మూడోసారికి గానీ ఎవరికీ వినపడదు. మూడోసారి ఆమె నాయనమ్మ భుజం పట్టి ఊపింది. "అర్రకు కిటికీ ఉంది. గల్లీల నుంచి వినొచ్చు."

శివమ్మ ఆ పిల్ల మొహం వైపు చూసింది. తలుపు గురించి ఇన్నేళ్లు కొట్లాడి, ఆ అర్రకు కిటికీ ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఆమె కొంగు నడుముకు చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి నడిచింది.

కిటికీ ఊచల వెనక ట్రాన్సిస్టరు, దాని వెనక నర్సింగం మొహం.

"రేడియో ఇటు తిప్పు" అంది శివమ్మ.

నర్సింగం తిప్పాడు.

"పన్నెండేండ్లు యాడున్నరు?" అంటోంది రేడియోలో గుమాస్తా గొంతు.

"అడవిల, సారూ."

"అడవికి చెట్లు సాక్ష్యం, సరే. పదమూడో ఏడాది?"

"అజ్ఞాతవాసం, సారూ."

"అది ఏ మండలంల వస్తది?"

గల్లీలో ఎవరో నవ్వారు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. కూరగాయల బండి ఆగింది. శివమ్మకు ఎవరో పీట తెచ్చి వేశారు. ఒకప్పుడు గల్లీకి ఒక్క రేడియో ఉన్న రోజుల్లో అందరూ ఇట్లాగే చేరేవారు. ఆ రోజులు తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు జరిగి చోటిచ్చారు.

అప్పుడు ఫైరింజను కూత వేసుకుంటూ వచ్చింది. గల్లీలో పట్టక మూల మీదే ఆగింది గానీ కూత ఆగలేదు. కిటికీలో నుంచి అఖ్తరున్నీసా గొంతు దాన్ని మించి లేచింది.

"ఆ కూత బంద్ చేయుండ్రి! డ్రామా వస్తుంది!"

కూత ఆగింది. నలుగురు దిగారు. వాళ్లలో పెద్దాయన కిటికీలో నుంచి చూశాడు. పీటల మీద ఇద్దరు ఆడవాళ్లు, బస్తా మీద ఒక ముసలాయన, రేడియో వింటున్నారు.

"వీళ్లేనా ఆపదల ఉన్నోళ్లు?" అన్నాడాయన.

"వీళ్లే సార్" అంటూ స్వామి బండి దిగి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. "తలుపు పలగ్గొట్టాలె గద. దానికి ఇంటి ఓనరు రాసిచ్చిన కాయిదం ఉండాలె. నేనే టైపు కొట్టుకొచ్చిన."

"మాకు కాయిదం అక్కర లేదన్నా. ఇల్లు మీదే, తలుపు మీదే."

"ఇల్లు నాయన పేర ఉంది సార్. రేపు ఏదన్న అయితే? నాయన సంతకం గావాలె, ఆధార్ జిరాక్స్ జతచేయాలె."

"ఆధార్ యాడుంది?"

స్వామి అర్ర వైపు చూశాడు. "లోపల. ట్రంకు పెట్టెల."

"పేరు మార్చుకుని వంటపని చేసిన, సారూ" అన్నాడు రేడియోలో అన్నదమ్ముల్లో ఒకడు.

"పేరు మార్చుకున్నట్టు కాయిదం?" అన్నాడు గుమాస్తా.

"కాయిదం ఉంటే మారువేషం ఎట్లయితది, సారూ?"

గల్లీ అంతా గొల్లున నవ్వింది. ఫైరింజను పెద్దాయన స్వామి చేతిలోని అట్ట చూసి, రేడియో చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. స్వామి ఎందుకు నవ్వుతున్నారో తెలియక, కాగితం ఊచల్లోంచి లోపలికి అందించాడు.

"నాయనా, ఈడ సంతకం పెట్టు. తలుపు పగలగొట్టుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదని."

"నాకు అభ్యంతరం ఉంది" అన్నాడు నర్సింగం. "డ్రామా కానియ్యి."

"నీకు గాలి ఆడుతలేదంటె వచ్చిన్రు గదనే వీళ్లు!"

"గాలి మస్తుగాడుతుంది. నువ్వు అడ్డం నిలవడ్డవు గని, జరుగు."

స్వామి జరిగాడు. ఫైరింజను మనుషులు కూడా హెల్మెట్లు తీసి, ఎదురింటి అరుగు మీద వరసగా కూర్చున్నారు.

రేడియోలో గుమాస్తా అన్నదమ్ములను ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పాడు. దాక్కున్నప్పుడు చూసిన సాక్షులను ఇద్దరిని తెమ్మన్నాడు. ఎవరైనా చూసి ఉంటే షరతు ప్రకారం మళ్లీ పన్నెండేళ్లు అడవికి పోవాలని వాళ్లు మొత్తుకున్నారు. షరతు సంగతి వేరే సెక్షనన్నాడు. చివరికి అన్నదమ్ములందరూ అలసి బెంచీ మీద కూలబడ్డారు. ఒక్క నిమిషం ఏ చప్పుడూ లేదు. ఎవరో నడిచి వస్తున్న గాజుల చప్పుడు. అది నర్సింగం చేసిందే, దారానికి గుచ్చిన గాజులతో.

శివమ్మ పీట అంచు పట్టుకుంది. కిటికీలో నర్సింగం కళ్లు మూసుకున్నాడు. కావ్య ఫోన్ ఊచలకు దగ్గరగా పెట్టింది.

"మేం లేని పదమూడేండ్లు మా భూమి పంట తిన్నోళ్లని ఒక్క కాయిదమన్న అడిగినవా, అయ్యా?"

లేత గొంతు. కొంచెం బెదురు, దాని వెనక కొంచెం పొగరు. 'అయ్యా' పూర్తిగా వచ్చింది. దీర్ఘం తీసి, చివర కొంచెం వణికి మరీ ఆగింది. ఆ తర్వాత ఒక్క గుక్క ఊపిరి పట్టినంత సందు. అప్పుడు తలుపు. ధన్.

గల్లీలో చప్పట్లు మోగాయి. అవి ఆగాక అందరూ కిటికీ వైపు చూశారు. అఖ్తరున్నీసా గొంతు సవరించుకుంది.

"ఏం చెప్పాలె శివమ్మక్కా, ఖుదా కసం, మాట మొత్తం వచ్చింది. అంతనే గాదు, తర్వాత ఇంత జాగ గూడ ఉంది. ఆడ ఇంకో కుట్టు పడ్తది."

శివమ్మ ఆ మాట విన్నట్టు లేదు. రేడియో వైపే చూస్తోంది.

"ఎవలదది గొంతు?" అంది.

"నీదే" అన్నాడు నర్సింగం.

"గంత సన్నగుండెనా?"

"గంతకన్న సన్నగుండె. మైకు జర లావు చేసింది."

శివమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కిటికీ ఇవతల ఆమె, అవతల ఆయన. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లిద్దరూ అంతసేపు కొట్లాడకుండా ఉండలేదని తర్వాత అఖ్తరున్నీసా అందరికీ చెప్పింది.

"ఇగ తలుపు సంగతి చూద్దమా?" అన్నాడు ఫైరింజను పెద్దాయన లేస్తూ.

"అవసరం లేదు సార్" అంది లోపలి నుంచి యశోద. పొద్దున్నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. ఆమె లేచి, మూలనున్న మామిడికాయ తొక్కు జాడీ మూత తీసి, పైకి తేలిన నూనె గరిటెడు ఇత్తడి గడియ మీద పోసింది. అటూ ఇటూ రెండుసార్లు ఆడించింది. గడియ వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఇదేదో ముందుగాలనే చెయ్యొచ్చు గద!" అన్నాడు స్వామి, ఆమె బయటికి రాగానే.

"ముందుగాల తీస్తె అందరికి టీ పెట్టుమందురు" అంది యశోద. "ఏడాదిల ఇయ్యాల్నే అద్దగంట కూసున్న."

అందరికీ టీ పెట్టడానికి ఆమె వంటింట్లోకి పోయింది. ఫైరింజను మనుషులు, గాలయ్య, ఎదురింటివాళ్లు ముందర గదిలో నిండిపోయారు. అర్రలోంచి తొక్కు వాసన వస్తోంది. నర్సింగం తల వంచకుండా బయటికి వచ్చి, నుదురు కొట్టుకుని, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"అవ్వా, మరి గీ కొత్త తలుపు?" అన్నాడు గాలయ్య.

"బాత్రూంకు పెట్టు" అంది శివమ్మ. "గీ తలుపు ఈడనే ఉంటది. నేను ఆ మాట ఇగ ఎత్తను."

అక్కడితో ఆగి ఉంటే ఆ కథ నర్సింగం గెలిచిన కథగా మిగిలేది. కానీ ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత నిర్దోషి అని తేలిన మనిషి ఊరుకోలేడు. ఆయన గది మధ్యలో నిలబడ్డాడు.

"ఆ సందు విన్నరా? ఆ ఒక్క గుక్క సందు? అది ఉత్తగ రాదు. మాట ఎప్పుడు అయిపోతదో ఊపిరి చూసి పట్టాలె. మా అయ్యగారు అంటుండె, నర్సింగం, నీ చేతిల గడియారం ఉందిరా అని."

"ఒక్కసారి జేసి చూపియ్యి పెద్దయ్యా" అన్నాడు ఫైరింజను పెద్దాయన, టీ ఊదుకుంటూ. "మేం గూడ చూస్తం."

"చూపిస్త. ఏమే శివమ్మా, యాదుందా మాట?"

"ఎందుకయ్యా ఇప్పుడు?" అంది శివమ్మ. కానీ అప్పటికే లేచింది. జుట్టు సర్దుకుంది. వచ్చి తలుపు బయట, ఇనుప గడియ పక్కన నిలబడింది. నర్సింగం అర్రలోకి పోయి రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. కాలు వెనక్కి పెట్టాడు. ఊపిరి పట్టాడు. కావ్య ఫోన్ ఎత్తింది.

శివమ్మకు కాగితం అక్కర లేదు. సన్నగొంతు ఇప్పుడు లేదు గానీ, పొగరు అట్లాగే ఉంది.

"మేం లేని పదమూడేండ్లు మా భూమి పంట తిన్నోళ్లని ఒక్క కాయిదమన్న అడిగినవా..."

ధన్‌మని తలుపు పడింది. ఇనుప గడియ దానంతట అది లేచి కొక్కెంలో పడింది.

కావ్య ఫోన్‌లో ఆ మాట 'అడిగినవా' దాకానే ఉంది.